లసినెమ్ చెప్పిన రంగు

సురో నెల మొదటి రోజున ఎంబా ప్రవిరో తన పాత కారుకు తలంటు పోశారు. మా క్లాటెన్ వైపు ఆ నెలలో ఇంట్లోని పాత పిడిబాకులకు పువ్వుల నీళ్ళతో, నిమ్మరసంతో స్నానం చేయించి పూజలో పెట్టుకోవడం మామూలే. తాతగారు కనుక ఊరంతా ఆయన్ను ఎంబా అంటుంది గాని, ఆయనకు తన తాతల నుంచి వచ్చిన బాకు ఏదీ లేదు. కారు ఉంది. అందుకని బానెట్ ఎత్తి, ఏడు రకాల పువ్వులు వేసిన నీళ్ళు ఇంజను మీద భక్తిగా కుమ్మరించి, బుట్టెడు నిమ్మకాయలు పిండి వైర్ల సందుల్లోకంతా పట్టించారు. కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం ఆయన సంత నుంచి వస్తుండగా, ఆకాశంలో మబ్బు తునక లేని వేళ, అద్దం తుడిచే వైపర్లు రెండూ వాటంతటవే లేచి వంగి లేచి వంగి ఊగడం మొదలుపెట్టాయి. అవి తనకు దణ్ణం పెడుతున్నాయని గ్రహించి ఎంబా కూడా స్టీరింగు వెనక తల వంచి ప్రతినమస్కారం చేశారు. ఆ తర్వాత దీపాలు వెలిగాయి, ఆరాయి, ఇంజను ఆగిపోయింది. నలుగురు కలిసి కారును తోసుకొచ్చి పర్యోనో షెడ్డు ముందు దించారు.

నా వేపుళ్ళ బండి ఆ షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది. అరటికాయ ముక్కలు, సోయాగింజల టెంపే ముక్కలు పిండిలో ముంచి వేయించుకుంటూ, వద్దన్నా అన్నీ చూస్తుంటాను.

పర్యోనోది కార్ల కరెంటు పని. అరవై ఏళ్ళు ఉంటాయి. ఇంజను ముట్టుకోడు, చక్రం విప్పడు. వైరింగు ఒక్కటే. పాత కారులో వైర్లు జడలా అల్లుకుని పోయేచోట, ఒక కట్టను ఇంకో కట్టతో కలిపే ప్లాస్టిక్ కప్లర్లు ఉంటాయి కదా, అవి మా ఎండకు పెళుసెక్కుతాయి, మా వానకు లోపలి పిన్నులు చిలుం పడతాయి. వాటిని విప్పడానికి ఆయన దగ్గర గొడుగు పుల్లతో చేసుకున్న సూదిలాంటి పనిముట్టు ఒకటి ఉంది. దాన్ని కప్లర్‌లోకి దూర్చి చెవిలో గులిమి తీసినట్టు మెల్లగా తిప్పితే పిన్ను వచ్చి అరచేతిలో పడుతుంది. సోలో పట్నం నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

అలాంటి మనిషికి రంగులు తెలియవు.

పూర్తిగా కాదు. నీలం కనపడుతుంది, పసుపు కనపడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు మాత్రం ఆయనకు ఒకే తల్లి పిల్లలు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిమాటలకు వెళుతూ కాబోయే అత్తగారికి గోధుమరంగు బట్ట అనుకుని ముదురాకుపచ్చ బట్ట కొనుక్కెళ్ళాడట. అది దక్షిణ సముద్రపు రాణిగారి రంగు. అత్తగారిలా ఆ తీరాన పుట్టిన వాళ్ళెవరూ దాన్ని ఒంటిమీద వేసుకోరు, వేసుకుంటే రాణిగారు సముద్రంలోకి లాక్కుపోతారని భయం. అత్తగారు బట్టను రెండు చేతులా అందుకుని, "ఎంత చక్కని గోధుమరంగు బాబూ" అని లోపల పెట్టేశారు. తలుపు చాటునుంచి చూస్తున్న పెళ్ళికూతురు లసినెమ్‌కు మాత్రం విషయం అర్థమైంది. పెళ్ళయిన మర్నాటి నుంచి షెడ్డులో ఆయన పక్కన ఒక ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

ఆయన వైరు ఎత్తి పట్టుకుంటే ఆవిడ పక్కనుంచి చెప్పేది. రంగుల పేర్లతో చెబితే దారిన పోయేవాళ్ళకు తెలిసిపోతుందని వంటింటి పేర్లు పెట్టుకున్నారు. ఎరుపు అంటే టొమాటో. ఆకుపచ్చ అంటే పాండాన్, అన్నంలో సువాసనకు వేసే ఆకు. గోధుమరంగు అంటే బెల్లం. "టొమాటో. పాండాన్. పాండాన్. బెల్లం." విన్నవాళ్ళు మధ్యాహ్నం వంట గురించి అనుకోవాలని వాళ్ళ ఉద్దేశం. మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరమూ కనపడేవాళ్ళం కాదు. ఒక మనిషి దాచుకున్నదాన్ని చూడకపోవడం మా దగ్గర మర్యాద. అలా చాలా ఏళ్ళు మేమంతా వాళ్ళింట్లో బెల్లం ఎంత ఖర్చవుతుందో అని ఆశ్చర్యపోతూ గడిపాం.

వానాకాలం చివర్లో లసినెమ్‌కు పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది, కాలు కొంత నిలిచింది, ఎడమ చేయి బాగానే ఉంది. మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి. చెప్పబోతే నోరు తెరుచుకుంటుంది, గాలి వస్తుంది, అంతే. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి మళ్ళీ తన పీట మీదికే వచ్చి కూర్చుంది. పర్యోనో అలవాటు చొప్పున ఒక వైరు ఎత్తి, "ఏంటి నెమ్?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. ఎంతసేపు తెరిచి ఉంచిందో చెప్పలేను. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన వైరు దించేశాడు. ఆ తర్వాత ఆవిడను ఎప్పుడూ అడగలేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది నిమ్మకాయ స్నానం చేసిన కారు.

కప్లర్లు పచ్చడి జాడీల్లా ఉన్నాయి లోపల. చిన్నవాటిని టూత్‌బ్రష్షుతో, పెట్రోలుతో కడిగి బాగుచేసుకున్నాడు. ఇంజను వైపు నుంచి డ్రైవరు ముందుకు వెళ్ళే పెద్ద కప్లర్ మాత్రం చేతిలోకి తీసుకోగానే బిస్కెట్టులా విరిగింది. పిన్నులు పొడి అయిపోయాయి. వేరే దారి లేక రెండు వైపులా కోసేశాడు. ఇటు ఒక కుచ్చు వైర్లు, అటు ఒక కుచ్చు. ఏది దేనితో కలవాలో చెప్పేది రంగు ఒక్కటే.

ఆ పూట నా బండి దగ్గరికి వచ్చాడు. చేతిలో వైరు ముక్క. మా పిలుపుల్లో పెద్దాయన పాక్, పెద్దావిడ బు, కుర్రవాడు మాస్.

"బు తాత్మీ, ఇది చూడండి. ఎంత బాగుందో రంగు!"

"అవును పాక్, చాలా బాగుంది."

"అంటే... ఏ రకంగా బాగుందంటారు?"

"అన్ని రకాలుగానూ బాగుంది పాక్."

ఆయన వైరును నా కళ్ళకు ఇంకా దగ్గరగా పెట్టాడు. కాని ఆకుపచ్చ అని ఎలా చెప్పను? చెబితే నాకు తెలుసని ఆయనకు తెలిసిపోతుంది. ఆయన వెనుదిరిగి, సైకిలు మీద టోఫు అమ్ముకునే హర్తంతోను ఆపాడు.

"మాస్, నీకు ఈ రంగు చొక్కా అయితే బలే నప్పుతుంది."

హర్తంతో వైరును ఎండలోకి ఎత్తి శ్రద్ధగా చూశాడు. "నాకూ ఇష్టమే పాక్. మా ఆవిడకే ఈ రంగంటే పడదు."

"ఏ రంగంటే?"

"ఇదే పాక్, ఈ రంగే" అని బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మర్యాదస్తుడు.

ఆ వారంలోనే లసినెమ్ అక్క తుమినా వచ్చింది. అవతలి ఊరి మనిషి, మా గుట్టు ఏదీ తెలియదు. గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే గాని గొంతు ముందు వస్తుంది. చెల్లెలిని చూసి కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పర్యోనో మీద పడింది.

"నూనె, మసి, వైర్లు! వీటి మధ్య కూర్చోబెట్టావేంటయ్యా దీన్ని? మా ఇంట్లో మనుషులున్నారు. పొద్దున లేస్తే పదిమంది పలకరిస్తారు, నాలుగు మాటలు చెవిన పడితే నోట మాటొస్తుంది. ఇక్కడ దీన్ని పలకరించేదెవరు, బ్యాటరీయా?"

"ఉండనివ్వండి యు" అన్నాడు పర్యోనో. వదినగారిని 'యు' అంటాం మేము. "ఇక్కడ అవసరం ఉంది."

"ఏం అవసరం? బియ్యం కడగగలదా? నీళ్ళు కాచగలదా? చెప్పు, ఏం పని చేస్తుంది ఇక్కడ?"

పర్యోనో నోరు తెరిచాడు. నేను బాణలిలో గరిటె ఆపేశాను. ఆయన ఒక వైరు తీసి తుడవడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ సంపాదన, కట్టిన ఇల్లు, వచ్చిన పేరు, అన్నీ ఆ పీట మీద కూర్చున్న మనిషి నోట్లోంచి వచ్చాయని ఎలా చెప్పగలడు! భార్య వైపు చూశాడు. ఆవిడ నేలవైపు చూస్తోంది.

"ఎంబా ప్రవిరోతో మాట్లాడేశా" అంది తుమినా. "ఆయన కారు బాగయితే ఆదివారం పొద్దున అందులోనే తీసుకెళ్తా. బట్టలు సర్దిపెట్టు."

ఆవిడ వెళ్ళాక మెల్లగా అన్నాను: "పాక్, కొన్ని కార్లు ఆదివారానికి అవ్వవు కదా?"

ఆయన నా వైపు చూడలేదు. "అవ్వకపోతే యు ఎద్దుబండి కట్టించుకొస్తుంది బు. పైగా, పని చేతకాని వాడివి దాన్నేం పోషిస్తావ్ అంటుంది. కారు బాగయితే అందులోనే ఎక్కించుకుపోతుంది." తెగిన కుచ్చును వేళ్ళతో విడదీస్తూ, "ఎటు కలిపినా ఫ్యూజు పోయేదే" అన్నాడు.

అయినా పని ఆపలేదు. చిన్న బల్బుకు పొడుగు తీగ కట్టుకుని ఒక్కో వైరుకు ఒక్కో వైరు తాకించి చూడటం మొదలుపెట్టాడు. స్విచ్చు వేసేవాళ్ళు ఒకరు, దీపం చూసేవాళ్ళు ఒకరు ఉండాల్సిన పని అది. ఆయన ఒక్కడే కారు లోపలికి దూరి స్విచ్చు వేసి, దిగి పరిగెత్తి బానెట్ దగ్గరికి వచ్చి, తీగ జారిపోయిందని చూసి మళ్ళీ లోపలికి దూరేవాడు. మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయాయి. నీలాలు, పసుపులు కలిశాయి. మిగతా కుచ్చు అలాగే ఉంది. శుక్రవారం పొద్దున తెగించి ఒక జత కలిపేశాడు. ఫట్‌మని పొగ వచ్చింది. రబ్బరు కాలిన వాసన నా అరటికాయల దాకా పాకింది. ఆయన ఇంజను మీదికి వంగి, చేతుల్లో మొహం పెట్టుకుని, అలా ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఇంజను చూస్తున్నాడనుకున్నట్టు నటించి వెళ్ళారు.

చేతికి పని ఉండాలని డాక్టరు చెప్పాడని, కూరల పళ్ళెం ఒకటి లసినెమ్ ఒళ్ళో పెడుతుంటాను నేను. ఎడమ చేత్తో తొడిమలు తీస్తుంది. ఆ పూట అందులో చిన్న టొమాటోలు, పాండాన్ ఆకులు, చిన్నగా కొట్టిన తాటిబెల్లం ముక్కలు ఉన్నాయి.

ఒక టొమాటో వచ్చి పర్యోనో చెవికి తగిలింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. బానెట్ తలకు కొట్టుకుంది. "ఏంటి నెమ్? కోపమా?" ఆవిడ ఇంకో టొమాటో విసిరింది. ఈసారి వీపు మీద. "సరే, కొట్టు. కొట్టాల్సిందే నన్ను. యు చెప్పింది నిజమే, నేనే..." మూడోది నేరుగా వచ్చి ఆయన చేతిలో ఉన్న వైరు మీద పడి చితికింది. ఆవిడ వేలు చూపిస్తోంది. ఆయన వైరు వైపు చూశాడు, వేలి వైపు చూశాడు, రసం కారుతున్న టొమాటో వైపు చూశాడు.

"టొమాటోనా?" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. ఇంత ఆలస్యంగా అర్థం చేసుకునే మగవాణ్ణి చేసుకున్నందుకు నుదురు కూడా కొట్టుకుంది, ఎడమ చేత్తోనే.

ఇక ఆ రోజు, మర్నాడు షెడ్డులో మాట లేకుండా పని సాగింది. ఆయన పీట పక్కకు వైర్లు లాగి ఎత్తి పట్టుకునేవాడు. ఆవిడ పళ్ళెంలోంచి తీసి వైరుకు ఆనించేది, టొమాటోనో, ఆకో, బెల్లం ముక్కో. ఆయన కలిపి, పిన్ను నొక్కి, కొత్త కప్లర్‌లోకి టక్కున దించి, స్విచ్చు వేసి చూసేవాడు. ప్రతిసారీ దీపం వెలిగింది. ఆవిడ చేయి ఒక్కసారి కూడా తప్పలేదు. నా కూరగాయలు మాత్రం ఎందుకూ పనికిరాకుండా పోయాయి. వాటి సంగతి నేనెవరికీ చెప్పలేదు.

అయినా ఆయన మొహంలో సంతోషం లేదు. ప్రతి వైరు కలిసినప్పుడూ ఆ కారు ఇంకొంచెం బాగవుతోంది. శనివారం సాయంత్రం మిగిలిన వైర్లు చూసుకుంటూ, "నెమ్, కాసేపు ఆగుదామా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆవిడ బెల్లం ముక్క ఒకటి ఆయన నోట్లో పెట్టి, ఇంకో ముక్క వైరుకు ఆనించింది.

ఆదివారం పొద్దున్నే తుమినా గుడ్డసంచితో దిగింది. ఎంబా ప్రవిరో ఇస్త్రీ చొక్కాతో వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. అప్పటికి ఇటు రెండు వైర్లు, అటు రెండు వైర్లు మిగిలాయి. ఒకటి హారనుది, ఇంకోటి ఎడమ ఇండికేటరుది. ఒకటి బెల్లం, ఒకటి పాండాన్.

"ఇదేం ఆటయ్యా?" అంది తుమినా, చితికిన టొమాటోలు కాలితో తోస్తూ. "మాట పోయిన మనిషితో కూరగాయల ఆటా? లే లసినెమ్, బయల్దేరుదాం. ఇక్కడుంటే నీ నోట్లోంచి ముక్క ఊడిపడదు."

"ఈ రెండూ అయిపోనివ్వండి యు" అన్నాడు పర్యోనో. "ఈ రెండే. తర్వాత మీ ఇష్టం."

వైరు ఎత్తి పట్టుకున్నాడు. లసినెమ్ పళ్ళెంలో వెతికి, పాండాన్ ఆకు తీసి దానికి ఆనించింది. ఆనించి, ఎందుకో చేయి తియ్యలేదు. అక్క వైపు చూసింది, సంచి వైపు చూసింది. పెదవులు కదిలాయి. నోరు వంకరపోయింది. మెడ నరాలు లేచాయి. మేమంతా మర్యాద కొద్దీ ఎటో చూస్తూ నిలబడ్డాం.

"బె" అంది. "బె... బెల్లం."

తుమినా చేతిలోంచి సంచి జారింది.

చేతిలో ఉన్నది పాండాన్ ఆకు. నోట్లోంచి వచ్చింది బెల్లం. పర్యోనో ఆ చేతి వైపు చూశాడు. రెండు రోజులుగా ఒక్కసారి కూడా తప్పని చేయి. తర్వాత ఆ నోటి వైపు చూశాడు. "బెల్లం" అంది ఆవిడ మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, తనకే నమ్మకం లేనట్టు. ఆయన తల ఊపి, గొడుగు పుల్ల తీసుకుని, ఆ వైరును బెల్లం వైరుతో కలిపాడు. మిగిలిన రెండూ కూడా కలిపేసి, కప్లర్ మూసి, నల్ల టేపు చుట్టాడు. దీపం పెట్టి చూడలేదు.

తుమినా నేల మీద, ఆ టొమాటో రసంలోనే కూర్చుండిపోయి చెల్లెలి మోకాళ్ళు పట్టుకుంది. "నన్నేమని పిలుస్తావే? చెప్పు!"

"బెల్లం" అంది లసినెమ్.

"అలాగే పిలువు! అలాగే పిలవ్వే తల్లీ!" అక్క ఏడుస్తోంది, నవ్వుతోంది. ఎంబాను చూపిస్తే ఆయనా బెల్లమే. నన్ను చూపిస్తే నేనూ బెల్లమే. నా బండి కింద పడుకున్న పిల్లి కూడా. తుమినా ముక్కు చీదుకుని పర్యోనో వైపు తిరిగింది. "పదిమంది పలకరింపులకి రాని మాట ఈ మసిలో ఎలా వచ్చిందో నాకు తెలీదు. తెలుసుకోను కూడా. ఇక్కడే ఉండనీ. దీన్ని కాలు కదపనిస్తే ఊరుకోను, వింటున్నావా?"

"వింటున్నా యు" అన్నాడు ఆయన. నేనొక వేడి టీ అందించి, తాగేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాను.

కారు ఎలాగూ బాగయింది కదా, తుమినాను వాళ్ళ ఊళ్ళో దింపుతానన్నారు ఎంబా. కారు ఒక్క తిప్పుకే అందుకుంది. తుమినా ఖాళీ సంచితో ఎక్కింది. కారు మా వీధి చివరిదాకా సాఫీగా వెళ్ళింది. అక్కడ, పాక్ ఆర్టీ గారింటి మలుపులో, ఎడమకు తిరగాలి. ఆయన మా వీధి పెద్ద. ఆదివారం పొద్దెక్కేదాకా నిద్రపోతారని తెలిసి ఆ గుమ్మం ముందు కోళ్ళు కూడా గొంతు తగ్గించి కూస్తాయి. అక్కడినుంచి మొదలైంది.

పీం. పీం. పీం. పీం.

లెక్కగా, తాళం తప్పకుండా, ఆగకుండా. కిటికీలు తెరుచుకున్నాయి. కారు ఆగింది, పీంమంటూనే వెనక్కి నడిచింది, షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. ఎంబా కిటికీలోంచి తల బయటపెట్టారు. ఇస్త్రీ చొక్కా అప్పటికే తడిసిపోయింది. వెనక సీట్లో తుమినా రెండు చెవులూ మూసుకుని కూర్చుంది.

"పర్! ఎడమకి ఇండికేటర్ వేస్తే హారన్ మోగుతోందేంటయ్యా! ఊరంతా నన్ను తిట్టుకుంటున్నారు. ఇన్నేళ్ళ పనోడివి, రెండు వైర్లు అటుదిటు కలిపేస్తే నీకు తెలీదా?"

పర్యోనో పీట పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. లసినెమ్ ఎడమ చేయి ఆయన భుజం మీద ఉంది. లేవకుండానే చెప్పాడు.

"తెలుసు ఎంబా, కాని నోరు తెరిచి బెల్లం అంది కదా, నేనెలా కాదంటాను?"